మూడో వేసవికి నిలిచే పని: గ్రామాల్లో స్వచ్ఛంద ఇంజనీరింగ్ ప్రాజెక్టుల ప్రణాళిక

(ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

సెలవుల్లో ఏదైనా ఒక ఊరికి వెళ్లి, చదువుకున్న ఇంజనీరింగ్‌తో అక్కడివారికి పనికొచ్చేది ఒకటి కట్టి రావాలన్న కోరిక మీలో చాలామందికి ఉందని, అటువంటి పనికి ప్రణాళిక ఎలా వేసుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ కోరిక మంచిది. దాన్ని తగ్గించే మాట ఒక్కటి కూడా నేను ఈరోజు చెప్పను. కానీ ఆ కోరిక ఊరివారికి మేలుగా మారాలంటే ప్రణాళికను ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీరు ఊరు విడిచి వచ్చాక వచ్చే మూడో వేసవి దగ్గర దాన్ని మొదలుపెట్టాలి. మొదటి వేసవిలో సామాను కొత్తది, ఉత్సాహమూ కొత్తది కాబట్టి ఏ పథకమైనా నడుస్తుంది. మూడో వేసవి వచ్చేసరికి ఊట సన్నబడుతుంది, వాషర్లు అరిగిపోతాయి, పథకం కట్టిన విద్యార్థులు ఉద్యోగాల్లో చేరి దేశదేశాలకు వెళ్లిపోతారు. ఆ మే నెలలో, ఆ ఊరి కుళాయిలో నీళ్లు రావాలంటే ఎవరు ఏ పని చేయాలి, దానికి డబ్బు ఎక్కడినుంచి రావాలి, పాడైన భాగం ఏ సంతలో దొరకాలి అన్న ప్రశ్నలకు ముందు జవాబు రాసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే డిజైన్ దానంతటదే ఒక రూపానికి వస్తుంది.

స్వచ్ఛందంగా వెళ్లేవారు ఎక్కువగా చేపట్టేది తాగునీటి పని కాబట్టి నా ఉదాహరణలన్నీ నీళ్లవే. సౌరదీపాలకూ, బయోగ్యాస్‌కూ, చిన్న వంతెనలకూ కూడా ఇదే ఆలోచన వర్తిస్తుంది.

మన ఊళ్లలో బోరింగ్ అని పిలుచుకునే చేతిపంపు చరిత్రతో మొదలుపెడతాను. నా దృష్టిలో ప్రజలకోసం చేసిన ఇంజనీరింగ్‌లో ఇంతకంటే మంచి పాఠం లేదు. 1966-67లో బీహారు, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల్లో వచ్చిన కరువు తరువాత, రాతి నేలల్లో లోతుగా బోర్లు వేసే యంత్రాలు యునిసెఫ్ సాయంతో మన దేశానికి వచ్చాయి. బోర్లు వేలకొద్దీ పడ్డాయి. వాటిమీద బిగించిన పోత ఇనుప పంపులు మాత్రం యూరప్, అమెరికాల్లో ఒక్కో రైతు కుటుంబం తన పెరట్లో వాడుకునే పంపులకు నకళ్లు. ఒక ఇంటివారు రోజుకు కాసేపు కొట్టుకునే పంపును తెల్లవారుజామునుంచి పొద్దుపోయేదాకా ఊరంతా వరసగా కొడితే ఏమవుతుందో అదే అయింది. 1970ల మధ్యలో యునిసెఫ్ పరిశీలించినప్పుడు నాలుగింట మూడు వంతుల పంపులు మూలనపడి ఉన్నట్లు తేలింది. బోరు ఉంది, బోరులో నీరు ఉంది, పిడి మాత్రం విరిగి ఉంది.

దీనికి పరిష్కారం మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో, పాడైన పంపులను రోజూ బాగుచేస్తూ ఉన్న మెకానిక్కుల దగ్గర మొదలైంది. పోత ఇనుము బదులు ఉక్కు, కదిలే కీళ్లు చాలా ఉన్నచోట ఒకే ఇరుసు, రాడ్డు నిటారుగా కదలడానికి ఒక గొలుసు: పాడవడాన్ని కళ్లారా చూసినవారు చేసిన మార్పులు ఇవి. ఆ షోలాపూర్ పంపు ఆధారంగా ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఇండియా మార్క్ 2 పంపును తయారుచేయించాయి. దాన్ని కోయంబత్తూరు ప్రాంతపు లోతైన బోర్లమీద పరీక్షించి, 1970ల చివర్లో మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రూడాస్ కర్మాగారంలో ఉత్పత్తి మొదలుపెట్టారు. పేటెంటు పెట్టుకోలేదు. భారతీయ ప్రమాణం రాసి, ఏ కర్మాగారంలో చేసిన భాగమైనా ఏ పంపుకైనా సరిపోయేలా కొలతలు ఖాయం చేశారు. ఆ పంపు మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ లక్షలకొద్దీ ఊళ్లకు చేరింది.

కథ అక్కడితో ఆగలేదు, మీరు గమనించవలసింది ఆ తరువాతి భాగమే. మార్క్ 2 గట్టిదే, కానీ అడుగున సిలిండర్‌లో ఒక చిన్న వాషరు అరిగితే, దాన్ని మార్చడానికి పైపులన్నీ పైకి లాగాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్లు, వాటితో వచ్చే బృందం, ఆ బృందానికి జీపు కావాలి. జీపు వచ్చేదాకా ఊరు ఎదురుచూడాలి. ఈ ఇబ్బంది చూసి 1980లలో కోయంబత్తూరు ప్రాంతంలోనే మళ్లీ ప్రయోగాలు చేసి మార్క్ 3 రూపొందించారు. అందులో బోరులోకి దిగే పైపు లోపలి వ్యాసాన్ని సుమారు 65 మిల్లీమీటర్లకు పెంచి, సిలిండర్ పైభాగాన్ని తెరిచి ఉంచారు. దానితో పైపులు కదపకుండానే రాడ్లు లాగి పిస్టన్‌ను బయటికి తీయవచ్చు, వాషరు మార్చి మళ్లీ దించవచ్చు. వెడల్పు పైపు బరువెక్కువ, ఖరీదూ ఎక్కువ, మరీ లోతైన బోర్లకు అది తగదు. అయినా ఒక్క పైపు వ్యాసం మార్చడంవల్ల మరమ్మతు చేసే శక్తి మండల కేంద్రం నుంచి ఊరిలోకి వచ్చింది. డ్రాయింగు షీటుమీద ఒక అంకె రాసేటప్పుడు మీరు నిర్ణయిస్తున్నది ఆ ఊరు రేపు ఎవరిమీద ఆధారపడి బతకాలన్న సంగతి కూడా.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ దక్షిణ ఆఫ్రికాలో పుట్టిన ప్లేపంప్. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నాన్ని పంపుకు కలిపి, ఆటతోపాటే నీళ్లు పైకెక్కి ఎత్తైన ట్యాంకు నిండుతుందన్నది ఆ ఆలోచన. 2006లో అమెరికాలో పెద్ద పెద్దవారు దానికి అండగా నిలిచారు. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టాలని లక్ష్యం ప్రకటించారు. ఊరికి కావలసినన్ని నీళ్లు ఎక్కాలంటే పిల్లలు రోజుకు ఎన్ని గంటలు ఆడాలో 2009లో బ్రిటన్ పత్రిక గార్డియన్ లెక్కవేస్తే 27 గంటలని తేలింది. పిల్లలు బడిలో ఉన్న సమయంలో ఆ చక్రాన్ని తిప్పవలసి వచ్చింది ఆడవాళ్లు, ముసలివాళ్లు. చేతిపంపుకంటే దాదాపు నాలుగు రెట్లు ఖరీదైన ఆ యంత్రం చెడిపోతే ఊళ్లో బాగుచేసే దారి లేదు. కొన్నిచోట్ల పనిచేస్తున్న చేతిపంపును పీకేసి ఆ స్థానంలో దీన్ని పెట్టారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఆ ఊరి ఆడవారిని ముందే ఒక్క పూట కూర్చోబెట్టి, ఏ వేళకు ఎన్ని బిందెలు కావాలని అడిగి ఉంటే ఆ గుణకారం అప్పుడే జరిగేది.

అడగడం ఎంత అవసరమో పరీక్షించడమూ అంతే అవసరం. బంగ్లాదేశ్‌లో చెరువునీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి గొట్టపు బావులు తవ్వించారు. ఉద్దేశం గొప్పది, సూక్ష్మక్రిముల విషయంలో అది ఫలించింది కూడా. ఆ భూగర్భ జలంలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో చూడాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. పక్కనే పశ్చిమ బెంగాల్లో 1983లోనే రోగులు బయటపడ్డారు, బంగ్లాదేశ్‌లో 1993లో నిర్ధారణ అయింది, అప్పటికే కోట్లమంది ఆ నీళ్లు తాగుతున్నారు. ఆ తరువాత సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేయవలసి వచ్చింది. కాబట్టి కొత్త నీటి వనరు ఏది తెరిచినా రసాయన పరీక్ష, సూక్ష్మక్రిమి పరీక్ష రెండూ అయ్యాకే పైపు కొనండి. మనవైపు ముందు చూడవలసింది ఫ్లోరైడ్. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మల సంబంధమైన క్రిములు 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇప్పుడు మనకు పొరుగున ఉన్న ఒడిశాకు వస్తాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు సేవ చేయడానికి మద్రాసునుంచి జో మదియత్ నాయకత్వంలో కొందరు విద్యార్థులు బయలుదేరారు. ఆ ఏడాదే ఒడిశా తీరాన్ని తుఫాను కొట్టడంతో అక్కడికి వెళ్లారు. సహాయ కార్యక్రమాలు ముగిశాక చాలామంది తిరిగివచ్చారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయినవారు గంజాం జిల్లాలో, బరంపురానికి దగ్గరలోని మొహుదాలో 1979లో గ్రామ్ వికాస్ సంస్థను రిజిస్టరు చేశారు. 1980లలో, ఆ తరువాత కొన్నేళ్లలో ఒడిశా అంతటా యాభై వేలకు పైగా బయోగ్యాస్ ప్లాంట్లు కట్టించారు. 1990ల తొలినాళ్లలో నీరు, పారిశుద్ధ్యం పని మొదలుపెట్టినప్పుడు వారు ఒక కఠినమైన నియమం పెట్టుకున్నారు: ఊళ్లో ప్రతి కుటుంబమూ చేరితేనే పని మొదలవుతుంది, ఒక్క ఇల్లు దూరంగా ఉన్నా మొదలుకాదు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది ఉండాలి, వాటికీ వంటింటికీ కుళాయిలు రావాలి, అవి పూర్తయ్యాకే నీళ్లు వదలాలి. సగటున ఇంటికి 1,000 రూపాయల చొప్పున ఊరంతా కలిసి ఒక మూలనిధి పోగుచేసి బ్యాంకులో వేయాలి. ఉన్నవారు ఎక్కువ ఇస్తారు, లేనివారు తక్కువ ఇస్తారు, ఎవరూ ఉత్తచేతులతో చేరరు. ఆ నిధి వడ్డీని రేపు ఊళ్లో కొత్తగా వేరుపడిన కాపురాలకు మరుగుదొడ్డి కట్టించడానికి వాడతారు.

ఈ నియమం వెనుక ఉన్న ఇంజనీరింగ్ తర్కాన్ని మీరు చూడాలి. పది ఇళ్లవారు బహిర్భూమికి బయటికి వెళ్తే మిగతా తొంభై ఇళ్ల నీరూ కలుషితమవుతుంది, కాబట్టి తొంభై శాతం అన్నది ఆరోగ్యం విషయంలో పాస్ మార్కు కాదు. సామాజిక తర్కం అంతకంటే లోతైనది. ఎగువ వీధికీ దళితవాడకూ ఒకే ట్యాంకునుంచి, ఒకే రకం కుళాయిలోంచి, ఒకే వేళకు నీళ్లు రావాలని మొదటి సమావేశంలోనే ఒప్పుకోవలసి వస్తుంది. కొన్ని ఊళ్లు దానికి ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. సంస్థ ఆగింది. అలా ఆగగలగడం ప్రణాళికలో భాగం. పది రోజుల శిబిరంతో, ఫొటోతో ముగించవలసిన తొందర ఉన్నవారు ఆ సమావేశాలకు ఆగలేరు, ఆ తొందరలో కుళాయి ఎవరి గుమ్మం ముందుకు వస్తుందో మనందరికీ తెలుసు.

మన రాష్ట్రంలో మీరు చేపట్టగల పనిని కాస్త వివరంగా చూద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఎన్నో చిన్న గూడేలకు కొండవాలులో ఊటలు ఉంటాయి, గెడ్డలు పారుతుంటాయి. ఊట ఊరికంటే ఎత్తున ఉంటే కరెంటు, డీజిలు ఏవీ లేకుండా పైపులో నీళ్లు దిగివస్తాయి. గ్రావిటీ పథకం అంటే అదే. ఊరు ఎత్తునా గెడ్డ పల్లంలో ఉంటే, పారే నీటి పోటుతోనే అందులో కొంత నీటిని పైకి నెట్టే హైడ్రాలిక్ ర్యామ్ గురించి ఆలోచించవచ్చు. అమెరికాలో, ఇంజనీర్లు స్వచ్ఛందంగా పనిచేసే ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ పుట్టుక కూడా ఇటువంటి ఆలోచనలోనే ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నార్డ్ అమదీ 2000లో బెలీజ్ దేశంలోని శాన్ పాబ్లో గ్రామాన్ని చూసి, మరుసటి ఏడాది విద్యార్థులతో వెళ్లి అక్కడి జలపాతం శక్తితోనే నడిచే నీటి ఏర్పాటు చేశారు. 2002లో సంస్థ ఏర్పడింది.

గ్రావిటీ పథకంలో మొదటి పని ఊట కొలవడం. దీనికి 15 లీటర్ల బకెట్టు, చేతిగడియారం చాలు. ఊట ముందు మట్టితో చిన్న అడ్డుకట్ట వేసి, నీరంతా ఒకే గొట్టంలోంచి పడేలా చేసి, బకెట్టు ఎన్ని సెకన్లకు నిండిందో చూడాలి. నిమిషానికి నిండితే గంటకు 900 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. గూడెంలో 160 మంది ఉన్నారనుకుంటే 8,800 లీటర్లు కావాలి, ఇరవై ఏళ్లలో 230 మంది అవుతారనుకుంటే 12,650. సరిపోతుంది. కానీ ఈ కొలత ఏ నెలలో తీశారన్నది అసలు ప్రశ్న. వానలు తెరిపిచ్చాక అక్టోబరులో తీస్తే ఆ అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది. మే నెలలో, తొలకరికి ముందు తీసిన కొలతమీదే డిజైన్ నిలబడాలి. ఆ నెలలో వెళ్లడం కుదరకపోతే ఊళ్లో ఎవరికైనా బకెట్టు, ఫోనులోని గడియారం చూపించి, వారం వారం గోడమీద బొగ్గుతో రాయమనండి. అది మీ కొలతకంటే నమ్మదగినది, ఎందుకంటే రేపు ఊట తగ్గినప్పుడు ఎంత తగ్గిందో చెప్పగలిగేది వారే. 2003 తరువాతి ఏళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, ఆ లెక్కను ఊరి గోడలమీద రాసుకుని, ఉన్న నీటికి ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నీటి లెక్క ఊరివారి చేతిలో ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి మన నేలమీదే ఉన్న మంచి ఉదాహరణ అది.

కొలత తరువాత ఎత్తు చూడాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి మేస్త్రీలు మట్టం చూసుకున్నట్లే, ఊట నుంచి ఊరిదాకా అంచెలంచెలుగా తేడా కొలవవచ్చు. పది మీటర్ల దిగుడుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ఊట నుంచి ఊరికి 90 మీటర్ల దిగుడు ఉంటే, రాత్రి కుళాయిలన్నీ కట్టేసిన వేళ అడుగున పైపుమీద తొమ్మిది కిలోల ఒత్తిడి పడుతుంది. ఆరు కిలోలకు తట్టుకునే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపు తక్కువ ధరకు దొరికిందని వేస్తే పగిలేది నీళ్లు పారుతున్న పగటిపూట కాదు, అందరూ నిద్రపోయాక. అందుకే మధ్యదారిలో ఒక చిన్న తొట్టె కట్టి, నీటిని గాలికి తెరిచి, ఒత్తిడిని మళ్లీ సున్నా చేస్తారు. పైపు దారిలో మధ్యలో చిన్న మిట్ట ఉంటే అక్కడ గాలి చిక్కుకుంటుంది కాబట్టి గాలి పోయే వాల్వు పెట్టాలి, పల్లంలో బురద కడిగే వాల్వు పెట్టాలి. రాత్రంతా వచ్చే నీరు ఊరి పైన తొట్టెలో నిలవ ఉంటేనే పొద్దుటి వేళ అందరి బిందెలూ నిండుతాయి. మనం అనుకున్న ఊటకు పది వేల లీటర్ల తొట్టె సరిపోతుంది.

ఇదంతా మీ పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనివి నేలమీద కనబడతాయి. ఎండాకాలంలో పోడు కాల్చేటప్పుడు పైకి తేలిన ప్లాస్టిక్ పైపు కరిగిపోతుంది, కాబట్టి పైపు దారి ఎవరి పోడుగుండా పోతుందో తెలుసుకుని, రెండు మూడు అడుగుల లోతున పూడ్చాలి. రాయి అడ్డొచ్చి పూడ్చడం కుదరనిచోట ఇనుప పైపు వేయాలి. ఊట మీద ఎవరికి హక్కు ఉందో, అదే నీరు దిగువన ఏ మడికి పారుతోందో, ఆ మడి వేరే గూడెం వారిదేమో కనుక్కోవాలి. ఊట దగ్గర పూజ చేసే ఆచారం ఉంటే కట్టడం ఎక్కడ ఉండాలో పెద్దలు చెప్పినట్లు నడచుకోవాలి. ఈ సంగతులు సమావేశంలో చెప్పరు, ఊటదాకా కలిసి నడిస్తే చెబుతారు. నడిచేవారిలో నీళ్లు మోసే ఆడవారు ఉండాలి. చాలా గూడేల్లో ఇంట్లో మాట కువి లేదా ఆదివాసీ ఒడియా, తెలుగు మగవారు సంతలో వాడే భాష. తెలుగులో సభ పెట్టి, అందరూ తలూపారు కాబట్టి ఒప్పుకున్నారని రాసుకోవడం న్యాయం కాదు. అంగన్‌వాడీ కార్యకర్తో, బడికి వెళ్లే అమ్మాయో దుబాసీగా ఉంటే, ఆడవారు విడిగా కూర్చున్నచోట మాట తెరుచుకుంటుంది.

అనుమతుల విషయంలో చాలామంది భయపడతారు లేదా అసలు పట్టించుకోరు. రెండూ తప్పే. ఊట అటవీ భూమిలో ఉన్నప్పుడు 2006 నాటి అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2) దారి చూపిస్తుంది. తాగునీటి సరఫరా, నీటి పైపులైన్లతో సహా కొన్ని ప్రజా సౌకర్యాలకు ఒక హెక్టారు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో కేటాయించవచ్చు. సిఫారసు చేయవలసింది గ్రామసభ కాబట్టి, ఆ తీర్మానం మీ దరఖాస్తుకు జతచేసే కాగితంగా కాక ఊరు నిజంగా చర్చించి చేసిన నిర్ణయంగా ఉండాలి. పంచాయతీనీ, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరునూ మొదటి రోజే కలవండి. అదే గూడేనికి ప్రభుత్వ పథకం మంజూరై ఉండవచ్చు. అప్పుడు మీరు కొత్తది కట్టడంకంటే ఉన్నది నడిచేలా చూడటంలో ఎక్కువ మేలు ఉంటుంది. జల్ జీవన్ మార్గదర్శకాల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలనీ, ఊళ్లో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పాలనీ ఉంది. ఆ నేర్పే పని మీరు బ్రహ్మాండంగా చేయగలరు.

నిర్వహణ గురించి నల్లగొండ నుంచి ఒక మాట. అక్కడి ఫ్లోరైడ్ బాధ చూసి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టారు. నల్లగొండ టెక్నిక్ పేరుతో అది ఆఫ్రికా దాకా వెళ్లింది. శాస్త్రం సరైనదే, పదార్థాలు ప్రతి ఊళ్లో దొరికేవే. అయితే నీటిలో ఉన్న ఫ్లోరైడ్‌ను బట్టి పటిక మోతాదు మారాలి, రోజూ కలపాలి, తేరిన మడ్డిని రోజూ తీసి దూరంగా పారబోయాలి. ఏడాదికి 365 రోజులు ఎవరో ఒకరు ఈ పని చేయాలి. ఆ మనిషి పేరు, ఆ మనిషి జీతం ప్రణాళికలో లేనిచోట ఆ తొట్లు ఖాళీగా మిగిలాయి. కాబట్టి పద్ధతి ఎంచుకునేటప్పుడు అది నీటిని ఎంత శుభ్రం చేస్తుందనే దానితోపాటు, రోజుకు ఎన్ని నిమిషాల మనిషి పని అడుగుతుందో కూడా రాయండి.

ఊళ్లో ఇద్దరిని, వీలైతే అందులో ఒక స్త్రీని, తవ్వకం మొదలైన రోజునుంచే పక్కన పెట్టుకోండి. ఇనుప పలకను పొయ్యిమీద కాల్చి పైపు కొసలను కరిగించి అతికించడం, వాల్వు విప్పి కడగడం, తొట్టెలో బ్లీచింగ్ కలిపి చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో రంగు చూసి చెప్పడం వారి చేతులమీదుగా జరగాలి, మీరు చూస్తూ ఉండాలి. దగ్గరి సంతలో, మండల కేంద్రంలో ఏ సైజు వాల్వు, ఏ కుళాయి దొరుకుతాయో చూసి అవే డిజైన్‌లో రాయండి. నగరంలో మాత్రమే దొరికే మేలైన ఇత్తడి వాల్వుకంటే సంతలో దొరికే మామూలు వాల్వు ఆ ఊరికి మేలైనది. ఇంటికి నెలకు ఎంత వేసుకోవాలో, పసుపు, కాఫీ అమ్మిన నెలల్లో ఎక్కువ, వానాకాలంలో తక్కువ వేసుకునే వీలు ఉండాలో లేదో ఊరే తేల్చుకోవాలి. మొదటి పైసా ఖర్చుపెట్టే ముందే ఆ ఖాతా తెరిచి ఉండాలి.

ఇక మీ వైపు నుంచి ఉండవలసినవి. మీ సెమిస్టర్లు, మీ పరీక్షలు ఊరి కాలెండరుతో కుదరవు. వ్యవసాయ పనుల రోజుల్లో శ్రమదానం అడగకూడదు, పరీక్షల తరువాత వచ్చే వారంలో హడావుడిగా కాంక్రీటు పోయకూడదు. ఒక బ్యాచి రెండేళ్లలో వెళ్లిపోతుంది కాబట్టి ఊరితో ఒప్పందం చేసుకోవలసింది కళాశాల. ఉన్నత్ భారత్ అభియాన్ కింద మీ కళాశాల గ్రామాలను దత్తత తీసుకుని ఉంటే, ఆ గ్రామాలనే ఏళ్ల తరబడి పట్టుకుని ఉండండి, ఏటా కొత్త ఊరు వెతకకండి. ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అమెరికా శాఖ ఒక గ్రామంతో కనీసం ఐదేళ్ల అనుబంధం అడిగే నియమం పెట్టుకున్నది ఈ కారణంతోనే. జూనియర్లకు అప్పగించేటప్పుడు డ్రాయింగులతోపాటు ఊళ్లో ఎవరు ఏ మాట ఇచ్చారో, మీరు ఏ మాట ఇచ్చారో కూడా రాసి అప్పగించండి.

విదేశాల్లో ఉన్న మన తెలుగువారు ఇటువంటి పనులకు సంతోషంగా డబ్బు పంపుతారు. చట్టం తెలిసి తీసుకోండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు, 2020 సవరణ తరువాత నమోదు ఉన్న సంస్థ కూడా దాన్ని ఇంకొక సంస్థకు బదిలీ చేయకూడదు. డబ్బు ఇచ్చేవారికి మొదటి ఉత్తరంలోనే మరొకటి రాయండి: పైపులకు ఇచ్చినట్లే ఐదేళ్ల పర్యవేక్షణకూ ఇవ్వాలని, శిలాఫలకం మీద ఊరి కమిటీ పేరు ఉంటుందని.

కొన్ని ఊళ్లకు వెళ్లాక, ఈ పని మనం చేయకూడదన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది. ఊటమీద తగవు తెగలేదు, లేదా నీటి పరీక్ష బాగా రాలేదు, లేదా ఆ ఊరు నిజంగా కోరుతున్నది నీటికంటే రోడ్డు. అప్పుడు కొలతలన్నీ పంచాయతీకి అప్పగించి, ఎందుకు ఆగామో గ్రామసభలో చెప్పి రావడం గౌరవమైన పని. కెనడాలోని ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ 2008 నుంచి తమ వైఫల్యాలమీద ప్రత్యేక నివేదికలు అచ్చువేసింది. మన కళాశాలల సాంకేతికోత్సవాల్లో కూడా అటువంటి నివేదికకు ఒక బహుమతి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మూడో వేసవిలో తిరిగి వెళ్లినప్పుడు చూసినది, నడుస్తున్న కుళాయిలు ఎన్ని, ఆగినవి ఎన్ని, ఖాతాలో మిగిలినది ఎంత అన్నది రాసి, ముందు ఆ ఊరి సభలో వారి భాషలో చదివి వినిపించి, వారు సరిదిద్దాకే కళాశాలకూ దాతలకూ పంపండి.

భోజనం తరువాత మైదానంలో నీటి గొట్టంతో మట్టం తీయడం, కిట్టుతో ఫ్లోరైడ్, క్లోరిన్ చూడటం చేసి చూపిస్తాను. బకెట్లు, గొట్టాలు తెచ్చాను. నలుగురేసి చొప్పున జట్లుగా రండి. వచ్చే మే నెలలో ఏ గూడేనికి వెళ్లాలనుకుంటున్నారో ప్రతి జట్టూ ఒక కాగితం మీద రాసి తెస్తే, ఆ ఊళ్ల పటాలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం. ఈలోగా మీ ప్రశ్నలు వింటాను.